ఇంటి ముంగిట కారు పని: పొదుపుకన్నా ప్రాణము ముందు

కుటుంబ క్షేమమును గూర్చి తలంచినప్పుడు మనకు ప్రార్థన, పిల్లల చదువు, ఆరోగ్యము గుర్తుకు వస్తాయి. వాకిట్లో నిలిపి ఉంచిన కారు గుర్తుకు రాదు. కాని ఆదివారము వృద్ధులను ఆరాధనకు తీసుకొని వచ్చేది, అర్ధరాత్రి నొప్పులు పడే తల్లిని ఆసుపత్రికి చేర్చేది ఆ కారే. దాని బ్రేకులు మన ఇంటివారి ప్రాణములకు కాపలా.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఇంటిని గూర్చిన ఒక ఆజ్ఞ ఉన్నది. కొత్త ఇల్లు కట్టుకొనేవాడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కూడా కట్టాలి. లేకపోతే పైనుండి పడి చనిపోయినవాని దోషము ఆ ఇంటిమీదికి వస్తుంది. ప్రమాదము జరగకముందే అడ్డు పెట్టుట కూడా దేవుని యెదుట మన బాధ్యత అని దీని భావము. కారు కింద పనిచేసేవారు ఈ మాట మరువకూడదు.

మారుతి 800, అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగిపోయినా, మన పల్లెల్లో అవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వీటికీ, ఓమ్నీకీ వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులే ఉంటాయి. డ్రమ్ము లోపల నెలవంక ఆకారములో రెండు బ్రేకు షూలు ఉంటాయి. పెడలు తొక్కగానే అవి విచ్చుకొని డ్రమ్మును రాసుకుంటాయి, చక్రము ఆగుతుంది. షూలమీది లైనింగు అరిగిపోతే హ్యాండ్‌బ్రేకు మునుపటికన్నా చాలా పైకి లాగవలసి వస్తుంది. గరగరమని శబ్దము రావచ్చు. అప్పుడు షూలు మార్చాలి. చేయి తిరిగినవారు కొందరు ఖర్చు తగ్గించుకొనుటకు ఈ పని ఇంటివద్దే చేసుకుంటారు. అందులో తప్పు లేదు. అయితే షూలు మార్చుటకన్నా ముందు, కారును ఎత్తుటలోనే పెద్ద అపాయము ఉన్నది.

జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు

ఎడ్లబండి ఇరుసుకు కందెన వేయవలసినప్పుడు మన పెద్దలు బండిని ఎత్తి, కింద గట్టి ఊత పెట్టిన తరువాతనే చక్రము లాగేవారు. ఎత్తిన చేతులమీదనే బండిని ఉంచేవారు కారు. జాకీ ఆ చేతులవంటిది. మారుతి 800 వంటి చిన్న కారే సుమారు 650 కిలోల బరువు ఉంటుంది. జాకీ పక్కకు ఒరిగితే తప్పించుకొనే వ్యవధి ఉండదు.

కనుక ఇనుప స్టాండ్లు లేనిదే పని మొదలుపెట్టవద్దు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు, రాళ్లు పేర్చి వాటిమీద కారును నిలపవద్దు. అవి ముందుగా తెలియకుండా పగిలిపోతాయి. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. వాన పడిన మట్టి నేలలో జాకీ దిగబడుతుంది. జాకీని, స్టాండును కారుతో వచ్చిన పుస్తకములో చూపిన చోటనే ఆనించాలి. తుప్పుపట్టిన రేకుకు ఆనిస్తే అది లోపలికి పోతుంది.

వెనుక చక్రాల పనిలో ఉన్న చిక్కు

హ్యాండ్‌బ్రేకు ఈ కార్లలో వెనుక చక్రాలనే పట్టి ఉంచుతుంది. కాని వెనుక డ్రమ్ము ఊడి రావాలంటే హ్యాండ్‌బ్రేకు వదలాలి. అప్పుడు కారును ఆపేది ఏది? మారుతి 800లో ఇంజను ముందు చక్రాలను తిప్పుతుంది గనుక గేరులో ఉంచితే కొంత ఆధారము. అంబాసిడర్, ఓమ్నీలలో ఇంజను వెనుక చక్రాలను తిప్పుతుంది. వాటిలో వెనుక చక్రము ఒక్కటి గాలిలోకి లేచినా గేరు కారును ఆపలేదు. కాబట్టి ముందు చక్రాలు రెండింటికీ, ముందూ వెనుకా, గట్టి చెక్క దిమ్మెలు అడ్డు పెట్టాలి.

వరుస ఇది. అడ్డు పెట్టండి. హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో ఉంచండి. కారు నేలమీద ఉండగానే చక్రము నట్లు అర చుట్టు వదులు చేయండి. ఎత్తండి. స్టాండు పెట్టి, బరువు దానిమీదికి దించండి. కారును చేతితో నెట్టి చూడండి. కదిలితే దించి మళ్లీ పెట్టండి. విప్పిన చక్రమును కారు అంచు కిందికి పడుకోబెట్టండి. అది రెండవ కాపలా. ఆ తరువాతనే హ్యాండ్‌బ్రేకు వదలండి. కారులో ఎవరూ కూర్చొనకూడదు. పిల్లలను దగ్గరకు రానీయకండి. ఒంటరిగా పని చేయక, పిలిస్తే పలికే దూరములో ఒకరిని ఉంచుకోండి.

డ్రమ్ము విప్పిన తరువాత

లోపలి దుమ్మును నోటితో ఊదవద్దు. పాత లైనింగులలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. తడి గుడ్డతో తుడవండి. ఒక పక్క పూర్తయిన తరువాతనే రెండవ పక్క విప్పండి. స్ప్రింగులు ఎలా ఉండాలో సందేహము వస్తే రెండవ పక్క చూసుకోవచ్చు. షూలు రెండు పక్కలా మార్చాలి. ఒక పక్కే మారిస్తే బ్రేకు వేసినప్పుడు కారు ఒక వైపుకు లాగుతుంది. లైనింగుకు గ్రీజు, నూనె అంటకూడదు. డ్రమ్ము విప్పి ఉండగా పెడలు తొక్కవద్దు.

లోపల తడిగా కనిపిస్తే వీల్ సిలిండరు కారుతున్నదని అర్థము. అది తుడిచి మూసే పని కాదు, మెకానిక్ పని. బ్రేకు ఆయిలు మూతమీద వ్రాసిన రకమే పోయాలి. ఇంజను ఆయిలు పోస్తే రబ్బరు వాషర్లు ఉబ్బి బ్రేకులు పట్టవు.

కారును దించిన తరువాత నట్లు ఒకదానికి ఎదురుగా ఉన్న మరొకటి చొప్పున బిగించండి. పెడలు గట్టిపడేవరకు పలుమార్లు తొక్కిన తరువాతనే ఇంజను వేయండి. ఖాళీ స్థలములో మెల్లగా నడిపి చూడండి. పెడలు మెత్తగా దిగిపోతే ఆ కారును రోడ్డు ఎక్కించవద్దు.

స్టాండ్లు కొనుట ఒక్క ఇంటికి భారమైతే, కార్లున్న నాలుగు కుటుంబాలు కలిసి ఒక జత కొని మందిరములో ఉంచుకోవచ్చు. అవసరమైనవారు తీసుకొని, మళ్లీ తెచ్చి పెట్టవచ్చు. ఇదియు ఒకరి భారము ఒకరు మోయుటయే. అవి దొరకని రోజున మెకానిక్‌కు కూలి ఇచ్చి చేయించుకోండి. ఆ కూలి మన ఇంటికి మనము కట్టుకొనే పిట్టగోడ. మన ప్రయాణములన్నిటిలో దేవుడు మనలను కాపాడును గాక.