తప్పు వెనక ఒప్పును పట్టే లెక్క

స్పెల్లింగ్ దిద్దే కంప్యూటర్‌కు నిజానికి ఏది ఒప్పో తెలియదు. అది చూసేది రెండే: ఈ మాట జనం ఎంత తరచుగా వాడతారు, ఈ మాటే రాయబోతే చెయ్యి ఇలా జారడానికి అవకాశమెంత. ఈ రెండింటినీ గుణిస్తే ఎక్కువ వచ్చిన మాటే సూచనగా ముందుకొస్తుంది. దీనికి మూలం థామస్ బేయ్స్ అనే ఇంగ్లండ్ మతబోధకుడి సూత్రం. ఆయన పోయాక, 1763లో అది అచ్చయింది.

1964లో ఐబీఎంలో ఫ్రెడ్ డామరావ్ లెక్క తీస్తే, నూటికి 80కి పైగా తప్పులు ఒక్క అక్షరం దగ్గరే తేలాయి: ఒకటి ఎగిరిపోవడం, ఒకటి అదనంగా పడటం, ఒకదాని బదులు ఇంకొకటి రావడం, పక్కపక్కవి తారుమారవడం.

అందరూ చెప్పుకునే ఉదాహరణ బెల్ ల్యాబ్స్‌ది. 1990లో కెర్నిగన్, చర్చ్, గేల్ తమ ప్రోగ్రామ్‌కు ఒక వార్తలోని తప్పుమాట ఇచ్చారు: ఏ-సి-ఆర్-ఈ-ఎస్-ఎస్. ఒక్క జారుడు దూరంలో యాక్ట్రెస్, ఏకర్స్, అక్రాస్, యాక్సెస్, కెరెస్, క్రెస్ ఉన్నాయి. ఎకరాలనే అర్థమున్న ఏకర్స్‌కే ఎక్కువ మార్కులు పడ్డాయి. చివరి రెండు ఎస్‌లలో ఏది అదనంగా పడినా అదే తప్పు పుడుతుంది కాబట్టి దానికి రెండు దారులు. కానీ ఆ వార్తలో ఉన్నది నటి! ముందున్న ‘వెర్సటైల్’ అన్న మాట చూస్తే మనిషికి వెంటనే తెలిసిపోతుంది.

అందుకే ఇరుగుపొరుగు మాటల్నీ లెక్కలోకి తెచ్చారు. 1991లో అదే డామరావ్, మేస్, మెర్సర్‌లతో కలిసి మూడేసి మాటల వరుసలతో ఈ పని చేశారు. ‘రాత్రి మంచి కళ వచ్చింది’ అని రాస్తే ఏ నిఘంటువూ తప్పు పట్టదు, ‘కళ’ కూడా అసలైన మాటే. ‘రాత్రి’, ‘వచ్చింది’ పక్కనుంటే ‘కల’ వైపు మొగ్గు చూపేది ఈ పద్ధతే.

2007లో కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నార్విగ్ విమానంలో కూర్చుని, పైథాన్‌లో ఇరవై పైచిలుకు వరుసల్లో చిన్న స్పెల్లింగ్ దిద్దే ప్రోగ్రామ్ రాసేశారు. ఇంగ్లిష్‌కు అంత చాలింది.

తెలుగుకు చాలదు. ‘ఇల్లు’ నిఘంటువులో దొరుకుతుంది, ‘ఇంట్లోంచే’ దొరకదు. ఒక్కో మాటకు ఇన్ని రూపాలుంటే ఒక్కో రూపం కనిపించేది అరుదు, తరచుదనం లెక్క పలచబడిపోతుంది. పైగా ‘స్త్రీ’ మనకు ఒకటే అక్షరం, కంప్యూటర్‌కు ఆరు సంకేతాలు.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకునేది ‘బాధ’. చాలామంది దాన్ని ‘భాద’ అని రాస్తారు. డామరావ్ లెక్కలో అది రెండు తప్పులు, కాబట్టి అరుదుగా జరగాలి. మన చేతిలో మాత్రం ఒకటే జారుడు: వత్తు ‘ధ’ మీంచి ‘బ’ మీదికి దూకింది. తెలుగు స్పెల్‌చెకర్ తయారుచేసేవాళ్లు ఈ దూకుడును ఐదో రకం తప్పుగా చేర్చుకుని, దాని సంభావ్యతను విడిగా లెక్కగట్టాలి.