గడువు దగ్గఱపడిన సరకు

హైదరాబాదునందు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేటలలో సూపర్‌మార్కెట్లు గలవు. పోటీపరీక్షలకు చదువు విద్యార్థులు అశోక్‌నగర్‌లో వేలకొలది నివసింతురు. చేతిలో డబ్బు తక్కువగా నుండు అట్టివారికి తగ్గింపు ధరకు దొరకు రొట్టె మేలే.

గడువు సమీపించినకొలది వర్తకుడు ధర తగ్గించును. ఇది దయ గాదు, లెక్క. గడువు దాటినపిమ్మట పాఱవేయవలసినదే గావున సగము ధరయైనను వచ్చుట నయము గదా!

పొట్లముపై తేదీలు రెండు విధములు. ఎక్స్‌పైరీ యనగా ఆ దినము దాటిన యెడల అమ్మరాదు. బెస్ట్ బిఫోర్ యనగా అంతవఱకు రుచియు గుణమును తగ్గవని మాత్రమే. పిమ్మట చెడిపోవునని యర్థము గాదు. 2020 నాటి నిబంధనలలో మొదటిది తప్పనిసరి, రెండవది ఐచ్ఛికము.

ఫ్రాన్సుదేశమున 2016 నాటి శాసనముచే పెద్ద దుకాణములు తినదగిన మిగులును పాడుచేయరాదు. మనదేశమున 2019లో మిగులు ఆహారమును సేకరించి పంచుటకు నిబంధనలు వెలువడినవి. దుకాణదారునిపై నిర్బంధము మాత్రము లేదు.

ఇది మనకేల యందురా? సంఘము తరఫున పసుపు, కారము, పప్పు పొట్లములు కట్టి నగరమునకు పంపదలచిన సభ్యులు ఒప్పందమును చదివించుకొనవలయును. అమ్ముడుపోని సరకును వాపసు చేసి, దాని ఖరీదును మన బిల్లులో కోసికొను షరతు అందుండవచ్చును. అట్లయిన నష్టము దుకాణమునది గాక రైతుది యగును. గడువునకు ఎన్ని దినములు ముందు ధర తగ్గింతురో, ఆ తగ్గింపు ఎవరు భరింతురో సంతకమునకు ముందే వ్రాయించుకొనవలెను.