బోరుకొచ్చిన ప్యూజో 205

పొగ గొట్టం నుంచి నీలిపొగ కనబడితే మన మెకానిక్ "బోరుకొచ్చింది" అని తేల్చేస్తాడు. సిలిండర్ గోడ అరిగింది, పిస్టన్ రింగులు వదులయ్యాయి, కింది నూనె పైకి చేరి పెట్రోలుతో పాటు కాలిపోతోంది అని ఆ ఒక్క మాటకు అర్థం. తర్వాత ఇంజన్ దిమ్మను లేత్ షాపుకు మోసుకెళ్లి, బోరు పెద్దది చేయించి, పెద్ద పిస్టన్లు వేయించాలి. ఇంటి షెడ్డులో అయ్యే పని కాదు. కానీ ఫ్రాన్సులో పుట్టిన ఒక చిన్న కారుకు ఇదే జబ్బు వస్తే వైద్యం వేరు. అందుకే నాకు ఆ ఇంజన్ అంటే అంత ఇష్టం.

ప్యూజో సంస్థ 1978లో క్రైస్లర్ ఐరోపా వ్యాపారాన్ని కొని, ఆ భారంతో చాలా ఇబ్బంది పడింది. 1983లో వచ్చిన 205 ఆ కష్టం నుంచి దాన్ని గట్టెక్కించింది. మరుసటి ఏడాదే జీటీఐ వచ్చింది. సంతకు వెళ్లొచ్చే కుటుంబపు కారులో పరుగుల ఇంజన్ పెడితే దాన్ని హాట్ హ్యాచ్‌బ్యాక్ అంటారు. 1985, 1986లో ప్రపంచ ర్యాలీ కిరీటాలు గెలిచిన 205 టర్బో 16 పేరు కూడా జీటీఐకి కలిసొచ్చింది. దానిలో సీట్ల వెనక కూర్చున్న 1,775 సీసీ టర్బో ఇంజనూ జీటీఐ ఇంజన్ పుట్టిన ఎక్స్‌యూ వంశానిదే. 1990ల్లో మన రోడ్ల మీద తిరిగిన ప్యూజో 309 ఈ 205కు తోబుట్టువు. ఆ రెంటి తలుపులు కూడా ఒకటే.

1984 నాటి జీటీఐ ఇంజన్ 1,580 సీసీ, 105 గుర్రాల బలం. 1986లో 1,905 సీసీది వచ్చింది, అది 130 గుర్రాలు. బోరు రెంటికీ 83 మిల్లీమీటర్లే. మారింది స్ట్రోకు, అంటే పిస్టన్ కిందికీ పైకీ నడిచే దూరం. 73 కాస్తా 88 అయింది. విసుర్రాయి పిడి నడిమి నుంచి ఎంత దూరంగా ఉంటే అంత తేలిగ్గా తిరుగుతుంది కదా, పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టుదీ అదే లెక్క. స్ట్రోకు పెరిగితే దాని చేయి పొడవవుతుంది. పిస్టన్ మీద అంతే ఒత్తిడి పడినా తిప్పే బలం పెరుగుతుంది. దానికి మూల్యం పిస్టన్ వేగం. నిమిషానికి 6,000 చుట్ల దగ్గర చిన్న ఇంజన్ పిస్టన్ సగటున సెకనుకు 14.6 మీటర్లు పోతే, పెద్దదానిలో 17.6 మీటర్లు పోవాలి.

ఇక అసలు సంగతి. ఈ ఇంజన్ దిమ్మ అల్యూమినియం. పిస్టన్ తిరిగే గోడ దిమ్మలో భాగం కాదు. అది విడి పోత ఇనుప గొట్టం, దాని చుట్టూ చల్లబరిచే నీళ్లు నేరుగా తిరుగుతాయి. లారీలు, ట్రాక్టర్ల ఇంజన్లు విప్పినవారికి ఈ గొట్టాన్ని పిలిచే లైనర్ అనే మాట కొత్త కాదు. నాలుగు లైనర్లూ, వాటికి సరిజోడు పిస్టన్లూ ఒక సెట్టుగా దొరుకుతాయి. పాతవి లాగి కొత్తవి కూర్చోబెడితే బోరు కొత్తదే. బ్రిటన్‌లోనూ ఫ్రాన్సులోనూ ఎందరో ఇళ్ల షెడ్లలో ఈ ఇంజన్ను తిరిగి లేపగలుగుతున్నారంటే ఆ నిర్మాణమే కారణం.

అయితే లైనర్‌ను పట్టి ఉంచేది పై నుంచి ఇంజన్ మూత, అంటే సిలిండర్ హెడ్, బిగింపే. అడుగున ఉన్నది సన్నని సీలు. కాబట్టి బోల్టులు విప్పాక హెడ్‌ను నిటారుగా పైకి లాగకూడదు. గ్యాస్కెట్‌కు అంటుకున్న లైనర్ దానితో పాటే లేస్తుంది. ముందు పక్కలకు ఊపి జిగురు విడిపించాలి. హెడ్ తీశాక క్రాంక్ తిప్పాలన్నా ముందు వాషర్లు, బోల్టులతో లైనర్లను అణిచి పట్టాలి. సీలు కదిలితే నీళ్లు అడుగున ఉన్న నూనెలోకి దిగుతాయి. రేడియేటర్లో ఉత్త నీళ్లు పోసి తిప్పిన బండి అయితే లోపల అల్యూమినియం గుంటలు పడి కనిపిస్తుంది.

పాత లైనర్ చేతికి వచ్చాక లోపల గోరు పెట్టి పైదాకా జరపండి. అంచుకు కొంచెం కింద గోరు తట్టుకుంటుంది. పై రింగు వెనక్కి మళ్లే చోటు అది. పిస్టన్ పరిగెత్తేటప్పుడు రింగు నూనె పొర మీద తేలుతుంది. మళ్లే క్షణంలో వేగం సున్నా అవుతుంది, పొర పలచబడుతుంది, పైగా అప్పుడే మంట వేడీ ఒత్తిడీ. ఇనుము మీద ఇనుము రాసుకుంటుంది. రింగు చేరని ఆ పైభాగం మాత్రం అరగకుండా మెట్టులా మిగులుతుంది. ఇన్నేళ్ల పరుగంతా ఆ మెట్టులో ఉంటుంది.

కొత్త లైనర్ దిమ్మ అంచు కన్నా రవ్వంత పైకి ఉండాలి, లేకపోతే గ్యాస్కెట్ నొక్కుకోదు. ఆ రవ్వంతను మిల్లీమీటరులో వందో వంతుల్లో కొలుస్తారు. ప్రతి రింగునూ లైనర్లో పెట్టి, కొసల మధ్య సందును ఫీలర్ గేజితో చూస్తారు. సందు లేకపోతే వేడికి సాగిన రింగు కొసలు ఢీకొని విరుగుతాయి. మూడు రింగుల సందులూ ఒకే వరసలో పడకుండా తిప్పి పెడతారు.

అన్నీ ఇంట్లో అవుతాయని చెప్పను. క్రాంక్ గ్రైండింగుకూ, వంగిన హెడ్‌ను చదును చేయడానికీ మిషను షాపు కావాలి. ఇంజన్ ఒక్కటే కాదు, బండి వెనక కూడా ఒకసారి వంగి చూడాలి. వెనక చక్రాలు పైన లోపలికి వాలి ఉంటే ఇరుసులోని నీడిల్ బేరింగుల్లోకి నీళ్లు చేరాయన్నమాట.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు స్పార్క్ ప్లగ్గులు తీసి, డ్యాష్‌బోర్డులో నూనె ఒత్తిడి దీపం ఆరేదాకా స్టార్టరుతో తిప్పాలి. బేరింగులకు నూనె అందాకే మంట. తర్వాత ఆ ఇంజన్ను ఇంటి ముందు గంటసేపు నింపాదిగా తిరగనివ్వడం ప్రేమలా కనిపిస్తుంది కానీ అది కీడే. రింగును గోడకు అదిమేది దాని వెనక చేరే మంట ఒత్తిడి. బరువు పడకపోతే ఆ ఒత్తిడి చాలదు, లైనర్ మీది అడ్డదిడ్డపు సన్న గీతలు రింగుతో కుదురుకోకముందే అద్దంలా నున్నబడతాయి. అందుకని బండిని రోడ్డెక్కించి, ఎత్తు ఎక్కిస్తూ, మధ్యస్థంగా ఒత్తిడి పెడుతూ వదులుతూ నడపాలి. కొద్ది దూరానికే నూనె మార్చేయాలి. ఆ తీసిన నూనెను తెల్లని పళ్లెంలో పోసి ఎండలో పెడితే సన్నని మెరుపు కదులుతుంది. లైనర్ గీతల కొసలు అరిగి రాలిన ఇనుము అది.