ఎవరి పద్దు వారికి

పూర్వము మన అంగళ్లలో లెక్కలు పుస్తకములలో నుండెడివి. చిట్టా గుమాస్తా యొద్ద నుండెడిది. సరకుల పుస్తకము గిడ్డంగిలో నుండెడిది. జీతముల పద్దు యజమాని ఇనుపపెట్టెలో నుండెడిది. ఎవరేమి చూడవలెనో ఎవరును శాసనము వ్రాయలేదు. పుస్తకములు వేఱువేఱుగా నుండుటయే కట్టుబాటు. కంప్యూటరు వచ్చి ఆ పుస్తకముల నన్నింటిని ఒక్కచోట చేర్చినది. చేర్చుటలో నడుమనున్న గోడలును పడిపోయినవి. ఆ గోడలను మరల కట్టుకొను విధమును గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి.

ఒక మందుల వర్తకునికి విజయవాడ, గుంటూరు, రాజమహేంద్రవరములలో మూడు దుకాణములు కలవనుకొందము. మూడింటి అమ్మకములును ఒకే పట్టికలో చేరుచుండును. గుంటూరు మేనేజరు తన దుకాణపు లెక్క చూడవలెను గాని, రాజమహేంద్రవరములో ఎవరు ఏ మందు కొనిరో ఆయనకేల? ఆడిటరు మూడింటిని చూడవలెను గాని, ఒక్క అంకెనైనను దిద్దరాదు.

ఇందుకు మొదట తోచు ఉపాయము ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క అనుమతి నిచ్చుట. పదిమంది యున్నచోట ఇది సాగును. వేయిమంది యుండి, నిత్యము బదిలీలు జరుగుచోట సాగదు. అమెరికా జాతీయ ప్రమాణ సాంకేతిక సంస్థకు చెందిన డేవిడ్ ఫెరాయిలో, రిచర్డ్ కూన్ అనువారు 1992లో వేఱొక పద్ధతిని వివరించిరి. అనుమతిని మనిషికి గాక హోదాకు ఈయవలెను. మనిషికి హోదాను ఈయవలెను. గుంటూరు మేనేజరు అను హోదాకు ఏమి కనబడవలెనో ఒక్కసారి నిర్ణయించిన చాలును. ఆ కుర్చీలోని మనిషి మారినను నిర్ణయము మారదు.

హోదాతో జతగా పనిచేయునది వడపోత. మేనేజరు ఈ నెల అమ్మకములు చూపుమని అడుగును. యంత్రము ఆయన హోదాను చూచి, గుంటూరు దుకాణపు వరుసలు మాత్రమే అను షరతును తనంతట తానే ఆ ప్రశ్నకు చేర్చి జవాబిచ్చును. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వరు వంటి సమాచార భాండారములలో ఈ సౌకర్యము 2016 నుండి అంతర్భాగముగా నున్నది. వడపోత భాండారము నందే యుండుట మేలు. తెరపై ఒక బొత్తామును దాచి ఊరకుండుట వీధితలుపు మూసి, దొడ్డితలుపు తెరచి యుంచుట వంటిది.

వడపోత పెట్టినను చిక్కులు కలవు. దుకాణములు రెండే అయినచో, మొత్తమును చూపినంతనే మేనేజరు తన లెక్కను తీసివేసి రెండవదానిని తెలిసికొనగలడు. బదిలీ అయిన ఉద్యోగికి కొత్త హోదా నిత్తురు గాని, పాతదానిని తీసివేయుట మఱతురు. ఏండ్లు గడచినకొలది ఆయన తాళపుచెవుల గుత్తి పెరుగుచునే యుండును.

పొసగని రెండు హోదాలు ఒక్కరికే దక్కుట అన్నింటికన్న ప్రమాదము. 1762లో లండనులో వెలసిన బేరింగ్స్ బ్యాంకు 1995లో కూలినది. సింగపూరు శాఖలో నిక్ లీసన్ అను ఉద్యోగి బేరములు చేయుటయే గాక, ఆ బేరముల లెక్కలు చూచు విభాగమును గూడ తానే నడపెను. అందువలన నష్టములను ఒక ఖాతాలో దాచగలిగెను. 80 కోట్ల పౌండ్లకు పైగా పోయినవి.

ఈ కట్టుబాటు ఉద్యోగులపై అపనమ్మకమని కొందఱు నొచ్చుకొందురు. మేమట్లు తలపము. అందఱును చూడగల పద్దు బయటపడిన నాడు అందఱిపై అనుమానము పడును. ఆ పద్దు తనకు కనబడనే కనబడదని చూపగల గుమాస్తాకు వడపోతయే సాక్షి. ఇక మనమాట: మనమేమి మందు కొంటిమో, ఎవరికి బాకీ పడితిమో ఆ పట్టికలలోనే యున్నది. వ్యక్తుల సమాచారమును తగురీతిని కాపాడని సంస్థకు 250 కోట్ల రూపాయల వఱకు జరిమానా విధించుటకు 2023లో మన పార్లమెంటు చేసిన చట్టము వీలు కల్పించినది. జరిమానా పడిన తరువాత మన రహస్యము మరల రహస్యము కాజాలదు. కావున గోడ ముందే కట్టవలెను.