రివర్స్ గేర్ గరగరమంటే

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పొద్దున ఎనిమిదిన్నరకు రోజూ ఒక చప్పుడు వినిపిస్తుంది. బండి పూర్తిగా ఆగకముందే ఎవరో గేర్ రాడ్‌ను రివర్స్‌లోకి లాగుతారు. గర్ర్‌మంటుంది. వెనకున్న కారు హారన్ కొడుతుంది. ఆ తొందరలో ఇంకా గట్టిగా లాగుతారు. వింటుంటే నా పళ్లు జివ్వుమంటాయి. లోపల అరుగుతున్నవీ పళ్లే మరి.

అపోహ: ఒక్క ఊపున గట్టిగా లాగితే రివర్స్ పడుతుంది.

ఇప్పటి కార్లలో ముందుకు వెళ్లే గేర్లన్నిటికీ సింక్రోమెష్ ఉంటుంది. రెండు భాగాల వేగాన్ని ముందు సమం చేసి, ఆ తర్వాతే కలిపే ఏర్పాటు అది. 1928లో క్యాడిలాక్ కార్లతో వచ్చింది. చాలా మాన్యువల్ కార్లలో రివర్స్‌కు మాత్రం ఇది లేదు. ఐడ్లర్ అనే చిన్న పళ్లచక్రం పక్కకు జరిగి మిగతా రెండు చక్రాల మధ్యకు దూరాలి. అవి తిరుగుతుంటే ఎలా దూరుతుంది?

న్యూట్రల్‌లో క్లచ్ వదిలి ఉంచితే గేర్‌బాక్స్ లోపలి ఇన్‌పుట్ షాఫ్ట్ ఇంజిన్‌తోపాటు నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంది. క్లచ్ తొక్కగానే టక్కున ఆగదు. స్విచ్ ఆపిన ఫ్యానులాగా కాసేపు తిరిగి నిలుస్తుంది. అందుకే బండిని పూర్తిగా ఆపండి, క్లచ్ అడుగంటా తొక్కండి, రెండు మూడు సెకన్లు ఆగి వెయ్యండి. అంత ఆగలేకపోతే క్లచ్ తొక్కే ఉంచి ముందు ఫస్ట్ గేర్ వేసి, అక్కణ్నుంచి రివర్స్‌కు మార్చండి. బండి చక్రాలు ఆగి ఉన్నాయి కాబట్టి ఫస్ట్ గేర్ సింక్రో ఆ షాఫ్ట్‌ను పట్టి ఆపేస్తుంది.

చప్పుడు లేకుండా గేర్ అసలు పడనే పడకపోతే పన్నుకు పన్ను ఎదురుగా నిలిచిందన్నమాట. న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ ఒకసారి వదిలి, మళ్లీ తొక్కి వెయ్యండి.

అపోహ: గరగరమంటే క్లచ్ ప్లేటు అయిపోయినట్టే.

జె.సి.రోడ్డు విడిభాగాల కొట్లకు వెళ్లి కొత్త ప్లేటు కొనకండి. అరిగిన ప్లేటు జారుతుంది: ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. ఇక్కడ జరుగుతున్నది దానికి తలకిందులు, క్లచ్ పూర్తిగా విడవడం లేదు. అయిదు అంకెలు లెక్కపెట్టి వేసినా గర్రుమంటే క్లచ్ కేబుల్ చూపించండి. హైడ్రాలిక్ అయితే ఆయిల్ కారుతోందా, గాలి చేరిందా చూడమనండి. అంతకన్నా ముందు మీరే వంగి కింద మ్యాట్ చూడండి. మా పక్కింటాయన వారం రోజులు దిగులుపడ్డారు. మందపాటి రబ్బరు మ్యాట్ మడతపడి పెడల్ కిందకు చేరింది, అంతే. మ్యాట్ వెనక్కి లాగాక గేర్ వెన్నలా పడింది.

అపోహ: అన్ని బండ్లలోనూ రివర్స్ ఒకే చోట ఉంటుంది.

స్విఫ్ట్‌లో కుడివైపు కిందకు, ఐ20లో రాడ్ కింది రింగ్ పైకెత్తి ఎడమవైపు పైకి, పోలోలో రాడ్ కిందకు నొక్కి ఎడమవైపు పైకి. అద్దె కారు తీసుకుంటే రోడ్డెక్కకముందే ఒకసారి వేసి చూసుకోండి.

అపోహ: వెనక్కి వెళ్లేటప్పుడు వచ్చే కూత లోపమే.

కాదు. చాలా కార్లలో రివర్స్ చక్రాల పళ్లు నిలువుగా కోసి ఉంటాయి, మిగతా గేర్లవి ఏటవాలుగా ఉంటాయి. ఆ కూత నిలువు పళ్లది.

అపోహ: ఒక్కసారి గర్రుమన్నా గేర్‌బాక్స్ పోయినట్టే.

ఒకసారికి పోదు. రోజూ చేస్తే పళ్ల అంచులు మొద్దుబారి, చివరికి విరుగుతాయి. గేర్ ఆయిల్ మార్చేటప్పుడు పక్కనే నిలబడండి. చాలా బండ్లలో డ్రెయిన్ ప్లగ్ కొసన అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిదరంగు మెత్తటి పూత అంటుకుంటే మామూలు అరుగుదలే. వేలికి గుచ్చుకునే లోహపు ముక్కలు తగిలితే మాత్రం గేర్‌బాక్స్ విప్పి చూడమని మెకానిక్‌కు ఆ రోజే చెప్పండి.