బజారులో చురుకు... బళ్లో బెదురు
లెక్కలంటే హైస్కూలు విద్యార్థులకు ఎందుకీ భయం?

హైదరాబాద్: అబిడ్స్, నాంపల్లి దారులు కలిసేచోట గడియార స్తంభంతో నిలిచిన మొజంజాహీ మార్కెట్‌లో కాగితం, కలం లేకుండానే రోజంతా లెక్కలు సాగుతుంటాయి. 1935లో కట్టిన ఈ రాతి మార్కెట్ ఒకప్పుడు పండ్లకు పేరు. టోకు పండ్ల వ్యాపారం 1980 దశకంలో కొత్తపేటకు తరలిపోయినా, ఇక్కడి దుకాణాల్లో నోటి లెక్క మాత్రం పోలేదు.

పల్లె సంతలోనూ ఇదే తీరు. ముప్పావు కిలో టమాటా ధర ఠక్కున చెప్పే కుర్రాడే, తొమ్మిదో తరగతిలో నల్లబల్ల ముందు నిలబెడితే బిక్కచచ్చిపోతాడు. తెలివి ఒక్కటే. మరి ఈ తేడా ఎక్కడిది?

నోబెల్ బహుమతి గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కలకత్తా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లలను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రకటించింది. కిలో 20 రూపాయల బంగాళాదుంపలు 800 గ్రాములు, కిలో 15 రూపాయల ఉల్లి కిలో 400 గ్రాములు అడిగి 200 నోటు ఇస్తే, ఇలాంటి బేరాల్లో పిల్లలు దాదాపు తప్పు లేకుండా చిల్లర లెక్కగట్టారు. ఈ బేరానికి తిరిగి రావలసింది 163 రూపాయలు. అదే పిల్లలకు భాగహారం కాగితంపై ఇస్తే చాలామంది చేయలేకపోయారు. బడి పిల్లలేమో కాగితంపై మెరుగ్గా చేసి, బజారు లెక్కలో తడబడ్డారు.

బడికీ బతుకుకూ మధ్య ఉన్న ఈ అగడ్తలోనే భయం పుడుతోంది. లెక్కల పట్ల ఎక్కువమంది పిల్లల్లో భయం, ఓటమి భావం ఉన్నాయని జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి పత్రం 2006లోనే హెచ్చరించింది.

లెక్క చేసేటప్పుడు అంకెలను మనసులో నిలుపుకోవాలి. "తప్పితే నవ్వుతారేమో" అన్న బెంగ ఆ చోటును ఆక్రమిస్తే, వచ్చిన లెక్క కూడా తప్పుతుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు తేల్చారు. తప్పు పెరిగితే భయం, భయం పెరిగితే తప్పు.

పిల్లలను కొట్ల పనికి పంపాలని దీని అర్థం కాదు. సంత లెక్కను బడికి తేవాలి. ఎకరాలు, గుంటలు, పాల లీటర్లు, వడ్డీ - వీటితో మొదలుపెట్టి సూత్రం దగ్గరకు నడిపించాలి. జవాబుకు కాస్త వ్యవధి ఇవ్వాలి. తప్పు చేసినవాణ్ణి నలుగురిలో నిలబెట్టకుండా, ఎలా చేశావని అడగాలి.

"మన ఇంటావంటా లెక్కలు లేవు" అని తల్లిదండ్రులు పిల్లల ఎదుట అనడం మానాలి. ధాన్యం బస్తాల లెక్క తప్పనివ్వని రైతు ఇంట లెక్కలు లేకపోవడమేమిటి?