కారు బెల్టు – కడుపులోని గాయము

హైదరాబాదునుండి జనగామ మీదుగా వరంగల్లునకు బోవు 163వ జాతీయరహదారిపై కార్లు మిక్కిలి వడిగా బోవుచుండును. భూపాలపల్లి త్రోవలో బొగ్గులారీలును, మహబూబాబాదు త్రోవలో మిరపబస్తాల బండ్లును ఎదురగును. ఇట్టి త్రోవలలో కారు దేనినైన గ్రుద్దుకొన్నప్పుడు లోనివారిని బ్రతికించునది బెల్టే. దానిని నిందించుట మా యుద్దేశము గాదు. అది ప్రాణము నిలిపిన పిమ్మట కడుపులో దాగియుండు గాయమును గూర్చియే మేము చెప్పదలచితిమి.

నడుముపట్టీ తుంటియెముకలపై నానియుండవలయును. అది మీదికి జరిగి మెత్తని పొట్టపై నున్నచో, కారు ఆగినను దేహము ముందునకు దూగుటచే ప్రేగులు పట్టీకిని వెన్నెముకకును నడుమ నలుగును. పెద్దల బెల్టు కట్టిన పిల్లల కీ యపాయ మెక్కువ. ప్రేగు చిట్లవచ్చును, దానికి నెత్తురు దెచ్చు పొర చిరుగవచ్చును. ఒక్కొక్కప్పుడు వెన్నుపూస అడ్డముగా బగులును. ఇట్టి పగులును 1948లో చాన్సు అను వైద్యుడు వర్ణించినందున అది యాయన పేరనే పిలువబడుచున్నది. గారెట్టు, బ్రౌన్‌స్టీను అనువారు 1962లో ఈ గాయముల నన్నిటిని జేర్చి ‘సీటుబెల్టు సిండ్రోము’ అని పేరిడిరి.

దీనికి మొదటి గుర్తు కడుపుపై నడ్డముగా కమిలిన చార. అది బట్టలక్రింద నుండును. మన స్త్రీలు సిగ్గుచే చూపరు. పురుషులు ‘ఏమియు గాలేదు’ అని నొసటి గాయమునకు కట్టు కట్టించుకొని యింటికి బోవుదురు. కాలేయముగాని ప్లీహముగాని పగిలినచో నెత్తురు కారి నాడి వడిగా గొట్టుకొనును. అల్ట్రాసౌండు పరీక్షలో ఆ నెత్తురు తరచుగా గానవచ్చును. ప్రేగు చిల్లి యట్లు గాదు. తొలిగంటలలో రోగి లేచి కూర్చుండి మాటలాడును, మంచినీళ్లడుగును. సి.టి. స్కాను సైతము ఆ వేళ దానిని పట్టలేకపోవచ్చును. అందుచే తొలిపరీక్ష నిర్దోషముగా నున్నను, చార యున్నవారిని ఆసుపత్రిలోనే నిలిపి, వీలైనచో ఒకే వైద్యుడు పలుమారులు కడుపు తాకి చూచుచుండుట యవసరము. నొప్పి హెచ్చుట, పొట్ట బల్లవలె గట్టిపడుట, వాంతి, జ్వరము కనబడినచో శస్త్రవైద్యుడు తడయరాదు. ఆలస్యమైనకొలది ప్రేగులోని మలినము పొట్టయంతయు వ్యాపించి ప్రాణాపాయమగును.

మహబూబాబాదులో 2022నందును, జనగామ, భూపాలపల్లులలో 2023నందును ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. రోగిని గొనిపోవువారు బెల్టు కట్టియుండెనా, ఏ సీటున గూర్చుండెను అను రెండు సంగతులును అచ్చటి వైద్యునకు ముందుగా జెప్పవలయును. వెన్నుపూస పగిలియుండవచ్చును గనుక నడిపింపరాదు. ఎంత యడిగినను, వైద్యుడు చూచువరకు నీళ్లు త్రాగింపరాదు. శస్త్రచికిత్స కావలసి వచ్చినచో ఖాళీకడుపే మేలు.